కెవిన్ వాళ్ల నాన్న జీతమెంత?

ప్రశ్న: మేము చికాగో శివారు నేపర్‌విల్‌లో ఉంటాం. మా అబ్బాయి పదకొండో తరగతి. క్రిస్మస్ సెలవుల్లో ‘హోమ్ అలోన్’ సినిమా మళ్లీ చూశాడు, అదే, పెద్దింట్లో ఒంటరిగా మిగిలిపోయిన కెవిన్ అనే పిల్లాడు దొంగల్ని ఏడిపించే కథ. అప్పట్నుంచి ఆ ఇంటివాళ్ల ఆదాయం ఎంత ఉంటుందా అని ఎక్సెల్‌లో లెక్కలు కడుతున్నాడు. కెవిన్ వాళ్ల నాన్న 1990లో ఏటా ఏడు లక్షల డాలర్లు సంపాదించి ఉండాలి, లేకపోతే అది దొంగ సొమ్మే అంటాడు. కంప్యూటర్ సైన్స్‌కి అప్లై చేయాల్సిన టైములో ఈ పిచ్చేంటని మావారు కోప్పడుతున్నారు. ఇద్దరి మధ్యా నాకు టెన్షన్. ఈ ఆసక్తికి తగ్గ చదువు ఏదైనా ఉందా, లేక మాన్పించాలా? షీట్లు జతచేశాను.

జవాబు: మాన్పించకండమ్మా. షీట్లు మొత్తం చూశాను. ముందు వాటిలో తప్పులు చెబుతాను, చదువు సంగతి తర్వాత. నేను లెక్క చూశానని తెలిస్తేనే మీవాడు మిగతాది చదువుతాడు.

మొదటి తప్పు ఇంటి ధరలో ఉంది. సినిమాలో చూపించిన ఆ ఇల్లు చికాగో శివారు విన్నెట్కాలో ఉంది, 2025 జనవరిలో 55 లక్షల డాలర్లకు అమ్ముడైంది. మీవాడు ఆ అంకె పట్టుకుని, ద్రవ్యోల్బణం లెక్కలో వెనక్కి నడిచి, 1990లో 22 లక్షల పైచిలుకు అని తేల్చాడు. ఇళ్ల ధరలు పాలు, బ్రెడ్డు ధరలతో సమానంగా నడవవు. అదే ఇల్లు 2012లో 15,85,000 డాలర్లకు చేతులు మారింది. ఆ తర్వాతి యజమానులు దాన్ని పెంచి, బాగుచేయించారు. ఇప్పటి ధరలో వాళ్లు పెట్టిన డబ్బు కూడా ఉంది. సినిమా తీయడానికి రెండేళ్ల ముందు, 1988లో, ఆ ఇంటిని కొన్నది 8,75,000 డాలర్లకు. వాడు మొదలుపెట్టాల్సిన అంకె అది.

ఇప్పుడు లెక్క మళ్లీ కడదాం. ఇరవై శాతం డౌన్ పేమెంట్ పోగా అప్పు ఏడు లక్షలు. 1990లో ముప్పై ఏళ్ల హోమ్ లోన్ మీద సగటు వడ్డీ పది శాతం పైనే. పది శాతమే అనుకున్నా నెలకు 6,143 డాలర్ల వాయిదా, ఏడాదికి దాదాపు 73,700. ఇంటి ఖర్చు మొత్తం ఆదాయంలో 28 శాతం దాటకూడదని అప్పిచ్చేవాళ్లు పాటించే ఒక కొలత ఉంది. ఆ లెక్కన వాయిదాకే 2,63,000 డాలర్ల ఆదాయం కావాలి. ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే మూడు లక్షల దరిదాపుల్లో ఆగుతుంది. 2023లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఇదే ప్రశ్నను చికాగో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తల ముందు పెడితే, వాళ్లు చెప్పిన అంకె 3,05,000. చికాగో ప్రాంతంలో పైనున్న ఒక్క శాతం కుటుంబాలకే ఆ స్థోమత ఉందన్నారు. 1990లో అమెరికాలో మధ్యస్థ కుటుంబ ఆదాయం 29,943 డాలర్లు. అంటే కెవిన్ వాళ్లు మామూలు ఇంటికి పదింతలు. ఏడు లక్షలు కాకపోయినా బాగా ఉన్నవాళ్లే, అందులో అనుమానం లేదు.

వాళ్లు ఆ ఇల్లు ఎప్పుడు కొన్నారో మాత్రం సినిమా చెప్పదు. పదిహేనేళ్ల ముందు కొని ఉంటే ఈ లెక్క సగం కూలిపోతుంది. అత్తమామలిచ్చిన ఇల్లైతే మొత్తం కూలిపోతుంది.

రెండో తప్పు చూసి నవ్వొచ్చింది. మీవాడు గదులు లెక్కపెట్టి, మెట్ల వెడల్పు కొలిచి, హాలు ఎన్ని చదరపు అడుగులో అంచనా వేశాడు. సినిమాలో కనిపించే లోపలి భాగం చాలావరకు ఆ ఇంటిది కాదు. న్యూ ట్రియర్ హైస్కూలు పాత వెస్ట్ క్యాంపస్‌లో వేసిన సెట్ అది. వాడు రెండు రోజులు కష్టపడి లెక్కగట్టింది ఒక బడి జిమ్‌ని. పాపం! కళ్లెదుట ఉన్న కాగితం అసలుదేనా అని ముందు చూసుకోవడం ఈ దారిలో మొదటి పాఠం. వాడికి ఇంత చవగ్గా దొరకడం మంచిదే.

మూడోది పారిస్ ప్రయాణం. పదిహేనుమంది, పెద్దవాళ్లకు ఫస్ట్ క్లాస్. మీవాడు ఈ టికెట్లన్నీ కెవిన్ వాళ్ల నాన్న పీటర్ ఖాతాలో రాశాడు. పోలీసు వేషంలో హాల్లో నిలబడ్డ దొంగతో కెవిన్ వాళ్లమ్మ కేట్ ఏం చెబుతుందో మళ్లీ వినమనండి. పీటర్ తమ్ముడో అన్నో ఉద్యోగం మీద పారిస్ వెళ్లాడని, అందరూ కలిసి ఉండాలని అతనే ఈ ప్రయాణం ఖర్చు పెట్టుకుంటున్నాడని చెబుతుంది. డబ్బు వీళ్లది కాదు. ఖర్చు కనబడితే చాలదు, ఎవరి జేబులోంచి పోయిందో కూడా తెలియాలి. పిజ్జాల బిల్లు మాత్రం వీళ్లదే: పదింటికి 122.50 డాలర్లు. అప్పటి కనీస వేతనం గంటకు 3.80. ఆ రాత్రి భోజనం మొత్తం, ఆ వేతనం మీద బతికే మనిషికి ముప్పై రెండు గంటల కష్టం. ఇంటి వైభవం కంటే ఈ పిజ్జా లెక్క వాళ్ల స్థితిని బాగా పట్టిస్తుందని నాకనిపిస్తుంది. ఆ ఇంట్లోనే పెరిగిన ఎనిమిదేళ్ల కెవిన్ పేపర్లోంచి కూపన్ కత్తిరించుకుని దుకాణానికెళ్లి, 19.83 డాలర్లకు సరుకులు తెస్తాడు. ఆ కూపన్ మీవాడి షీట్లలో ఎక్కడా లేదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు షీటు తలకట్టులోనే ఉంది: ‘నాన్న జీతం’. అమ్మకు గడే లేదు! కెవిన్ తల్లిదండ్రులు ఏం పని చేస్తారో సినిమాలో చెప్పరు నిజమే. కానీ ఇంట్లో కుట్టుపనికి వాడే బొమ్మలు కనిపిస్తాయి, వాటితోనే కెవిన్ దొంగల్ని మోసం చేస్తాడు. కేట్ బాగా పేరున్న ఫ్యాషన్ డిజైనర్ అనే రచయితా తానూ అనుకున్నామని 2024లో దర్శకుడు క్రిస్ కొలంబస్ చెప్పాడు. తండ్రి ప్రకటనల రంగంలో ఉండొచ్చన్నాడు, అతనిది నేరాల ముఠా సొమ్మన్న కథను కొట్టిపారేశాడు. రెండు సంపాదనలు ఉన్నప్పుడు మూడు లక్షలు అంత వింతేమీ కాదు. ఒక్క గడి వదిలేసినందుకు పెద్దమనిషి మీద దొంగ ముద్ర పడింది.

ఇక చదువు సంగతి. ఖర్చు చూసి ఆదాయాన్ని పట్టుకోవడం వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. మీరున్న చికాగోలో ఇదే ఆటతో పేరుమోసిన ముఠా నాయకుడు అల్ కపోన్‌ని జైలుకు పంపారు. అతని పేరున బ్యాంకు ఖాతాలు లేవు, ఆదాయం చూపించలేదు. పన్నుల శాఖవాళ్లు అతను పెట్టిన ఖర్చుల చిట్టా పట్టుకుని, ఇంత ఖర్చుకు డబ్బెక్కడిదని అడిగారు. 1931 అక్టోబరులో కోర్టు పదకొండేళ్ల శిక్ష వేసింది. ఆస్తి పెరుగుదల, ఖర్చులు కలిపి, చూపించిన ఆదాయం తీసేసి, మిగిలినదానికి జవాబు అడిగే పద్ధతిని 1954లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, జాగ్రత్తగా వాడమని హెచ్చరిస్తూనే. బహుమతి కావచ్చు, పాత పొదుపు కావచ్చు, అప్పు కావచ్చు, అవన్నీ చూసుకోవాలి. పారిస్ టికెట్ల దగ్గర మీవాడు జారింది సరిగ్గా అక్కడే.

ఈ పనిని ఫోరెన్సిక్ అకౌంటింగ్ అంటారు. మోసాలు, విడాకుల ఆస్తి తగాదాలు, ఇన్సూరెన్స్ క్లెయిములు, దివాలా కేసులు వీళ్ల దగ్గరికే వస్తాయి. మామూలు దారి అకౌంటింగ్ డిగ్రీ, తర్వాత సీపీఏ (అకౌంటెంట్ లైసెన్సు), కొన్నేళ్ల అనుభవం మీద సీఎఫ్ఈ (మోసాలు పట్టేవాళ్ల సర్టిఫికెట్). సీపీఏకి ఎన్ని క్రెడిట్లు కావాలన్న నిబంధన రాష్ట్రాల్లో మారుతోంది కాబట్టి పాత 150 లెక్కని గుడ్డిగా నమ్మకుండా అప్పటికి ఉన్న రూలు చూసుకోండి. అకౌంటింగ్‌కి దేశంలో మంచి పేరున్న బడి మీ రాష్ట్రంలోనే ఉంది, అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయి యూనివర్సిటీ. మీవాడు మరీ కపోన్ కేసు కథకు పడిపోతే ఐఆర్ఎస్‌లో, అంటే కేంద్ర పన్నుల శాఖలో, నేర పరిశోధన విభాగం ఉంది. డిగ్రీలో అకౌంటింగ్ 15 క్రెడిట్లు, ఫైనాన్స్, ఎకనామిక్స్ లాంటివి ఇంకో 9 అడుగుతారు. పౌరసత్వం తప్పనిసరి. చేతికి తుపాకీ కూడా ఇస్తారు, కాబట్టి ఈ వాక్యం మీవారికి చదివి వినిపించాలా వద్దా మీరే చూసుకోండి.

ఇన్సూరెన్స్ కంపెనీలకు రిస్కు లెక్కగట్టే యాక్చువరీ దారి కూడా అడుగుతారని తెలుసు, లెక్కలొచ్చిన పిల్లలున్న మనవాళ్లందరూ అడుగుతారు. మంచి ఉద్యోగమే, మొదటి రెండు పరీక్షలు కాలేజీలో ఉండగానే రాసేయొచ్చు. కాకపోతే వాళ్లు పనిచేసేది లక్షల కుటుంబాల సగటు మీద. మీవాడి షీట్లలో సగటు మీద మోజు నాకు కనబడలేదు. ఒక్క ఇంటి గుట్టు మీదే వాడి కన్నంతా.

మీవారి కోరికా తప్పు కాదు. ఇప్పుడు మోసాలు పట్టేది కోట్ల లావాదేవీల డేటాలోనే. అర్బానా-షాంపేన్‌లో కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్ కలిపి ఒకే డిగ్రీగా ఉంది. సీటు కష్టం, అయినా తండ్రీకొడుకులు ఒకే ఫారం మీద సంతకం పెట్టగలిగింది అదొక్కటే అనుకుంటున్నాను. వచ్చే ఏడాది బడిలో ఏపీ (కాలేజీ స్థాయి) స్టాటిస్టిక్స్ తీసుకోమనండి. అకౌంటింగ్ క్లాసు బడిలో ఉంటే అదీ.

ఒక పరీక్ష పెట్టండి. ఇదే కుటుంబానికి మూడు లెక్కలు కట్టమనండి: 1975లో కొన్నారని ఒకటి, 1988లో కొన్నారని ఒకటి, ఇల్లు వారసత్వంగా వచ్చిందని ఒకటి. అడుగున ‘ఏ కాగితం దొరికితే నా లెక్క తప్పని తేలుతుంది’ అన్న ప్రశ్నకు జవాబు రాయాలి. అది రాయడానికి విసుక్కుంటే వాడికి నచ్చింది సినిమా. ఇష్టంగా రాస్తే నచ్చింది ఈ పని.

తర్వాత మీ ఇంటి ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు చేతికివ్వండి. ఇల్లినాయిలో ఈ ఏడాది కట్టేది పోయినేడాది పన్ను. అది వాడంతట వాడు కనిపెడతాడేమో చూడండి. పన్నెండో తరగతిలో, మామూలుగా అక్టోబరు 1న, కాలేజీ చదువుకు ప్రభుత్వ సాయం అడిగే ఫాఫ్సా ఫారం తెరుచుకుంటుంది. అది వాడి చేతే నింపించండి, మీరు పక్కన కూర్చోండి. సొంతంగా ఉంటున్న ఇంటి విలువ ఆ ఫారం అడగదు, రెండేళ్ల కిందటి ఆదాయం అడుగుతుంది. కొన్ని ప్రైవేటు కాలేజీలు తమ సాయం కోసం అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారంలో మాత్రం ఇంటి విలువ కూడా రాయాలి. విన్నెట్కాలో అంత ఇల్లు, ఐదుగురు పిల్లలు ఉన్న పీటర్, కేట్ ఇవాళ ఈ రెండు ఫారాలూ నింపితే ఎంత తేడా వస్తుందో ఇంకో షీటులో కట్టమనండి. కట్టాక నాకు పంపండి, నేనూ చూడాలి.