సింగపూర్‌లో ఓల్డ్ ఫోర్డ్ ఫ్యాక్టరీ మ్యూజియం వర్త్ అంటారా? మావగారికి హిస్టరీ పిచ్చి, పిల్లలేమో బోర్ అంటారేమో

వర్తేనండి, కాకపోతే కాస్త కథ తెలుసుకుని వెళ్ళండి. తెలీకుండా వెళ్తే కనిపించేది ఒక గది, ఒక పొడుగాటి టేబులు, చుట్టూ కుర్చీలు, అంతే. ఇక్కడే ఉంటాం కాబట్టి వచ్చిన చుట్టాల్ని తీసుకెళ్తుంటా, "ఇంతేనా, దీనికోసం ఇంత దూరం తిప్పావా" అన్నవాళ్ళూ ఉన్నారు, ఆ గదిలోంచి కదలనివాళ్ళూ ఉన్నారు.

కథేంటంటే, 1941 డిసెంబర్ 8న జపాన్ వాళ్ళు మలయాలో (ఇప్పటి మలేషియా) కోట భారు దగ్గర దిగారు. అక్కడ ఎయిర్‌ఫీల్డ్ కాపలాకి ఉన్నవాళ్ళలో నిజాం సంస్థానం దళం 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ కూడా ఉంది, మావగారిది తెలంగాణ అయితే ఈ ముక్క ముందే చెప్పెయ్యండి, ఇక మిమ్మల్ని ఆయనే లాక్కెళ్తారు. అక్కణ్ణుంచి తోసుకుంటూ వచ్చి 1942 ఫిబ్రవరి 15కల్లా, అంటే సరిగ్గా చైనీస్ న్యూ ఇయర్ రోజుకి, సింగపూర్ పట్టేశారు. జపాన్ జనరల్ యమషిత దగ్గర ఉన్నది ఇంచుమించు 30 వేల మంది, బ్రిటిష్ జనరల్ పెర్సివల్ దగ్గర దానికి రెట్టింపు పైనే, పైగా జపాన్ వాళ్ళకి తుపాకీ గుళ్ళు అయిపోవస్తున్నాయి, కానీ యమషిత ఆ సంగతి బయటపడనీకుండా దబాయించి కూర్చున్నాడు. ఇటు పెర్సివల్‌కేమో సిటీలో నీళ్ళు అయిపోతున్నాయి, జనం కిక్కిరిసి ఉన్నారు, పైనుంచి బాంబులు. సాయంత్రం ఈ ఫ్యాక్టరీ బోర్డ్ రూములో లొంగిపోతున్నట్టు సంతకం పెట్టేశాడు. కార్లు బిగించే ఫ్యాక్టరీ అది, 1941లోనే మొదలైంది, యుద్ధంలో విమానాలు కూడా అక్కడే బిగించారు, తర్వాత జపాన్ వాళ్ళు మిలిటరీ ట్రక్కులకి వాడుకున్నారు.

గది అసలుదే, టేబులు మాత్రం నకలు, అసలు టేబులు ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రా వార్ మెమోరియల్‌లో ఉంది. నాకైతే టేబులు కన్నా ఆ రోజు తీసిన ఫోటోనే ఎక్కువ పట్టేస్తుంది, నలుగురు బ్రిటిష్ ఆఫీసర్లు మోకాళ్ళ దాకా నిక్కర్లు, నెత్తిన ఇనప టోపీలు, ఒకాయన భుజాన తెల్లజెండా, ఇంకొకాయన భుజాన వాళ్ళ యూనియన్ జాక్, పక్కన జపాన్ ఆఫీసరు, అందరూ ఆ ఫ్యాక్టరీకే నడిచి వస్తున్నారు. దాని ముందు కాసేపు ఆగండి.

మిగతా మ్యూజియం అంతా తర్వాత జపాన్ చేతిలో గడిచిన మూడున్నరేళ్ళ గురించి. చైనీస్ మగవాళ్ళని లైన్లో నిలబెట్టి ఏరి చంపిన సూక్ చింగ్, తిండి లేక కర్రపెండలం మీద బతకడం, అరటిగెల బొమ్మేసిన జపాన్ నోట్లు. ఈ నోట్లు పిల్లలకి భలే నచ్చుతాయి. 2017లో రెనొవేట్ చేసి తెరిచినప్పుడు జపాన్ వాళ్ళు ఊరికి పెట్టిన స్యోనాన్ అనే పేరునే గ్యాలరీకి పెట్టారు, మా తాతల్ని చంపినవాళ్ళ పేరా అని జనం గొడవ చేస్తే రోజుల్లోనే తీసేశారు.

మనవాళ్ళ సంగతికొస్తే, అందరూ ముస్తఫాలో షాపింగ్ చేసి ఫ్యారర్ పార్క్ స్టేషన్ ఎక్కేస్తారు కదా, ఆ చుట్టుపక్కల మైదానంలోనే ఫిబ్రవరి 17న వేలమంది భారతీయ సైనికుల్ని నిలబెట్టి జపాన్ మేజర్ ఫుజివారాకి అప్పగించారు, అక్కడే వాళ్ళలో ఒక కెప్టెన్ మోహన్ సింగ్ ఐఎన్‌ఏలో (ఆజాద్ హింద్ ఫౌజ్) చేరమని పిలుపిచ్చాడు. 1943లో నేతాజీ వచ్చి పగ్గాలు తీసుకున్నాడు, జర్మనీ నుంచి సబ్‌మెరైన్‌లో ఆయనతో పాటు వచ్చిన ఆబిద్ హసన్ మన హైదరాబాదీనే. ఐఎన్‌ఏలో చేరనివాళ్ళలో చాలామంది జపాన్ ఖైదీ క్యాంపుల్లో పోయారు. మలయా ఎస్టేట్లలో పనిచేసే తమిళ, తెలుగు కూలీల్ని జపాన్ వాళ్ళు వేయిస్తున్న సయాం (థాయ్‌లాండ్)-బర్మా రైల్వే పనికి తోలుకెళ్తే బోలెడంతమంది తిరిగి రాలేదు, వాళ్ళ గురించి మాట్లాడేవాళ్ళే తక్కువ.

పిల్లలు మరీ చిన్నవాళ్ళయితే సెంటోసా దీవిలో ఫోర్ట్ సిలోసో అనే కోట బెటర్, ఫిరంగులు, సరెండర్ సీన్ మైనపు బొమ్మలు ఉంటాయి, ఎలాగూ సెంటోసా వెళ్తారుగా. మావగారికి మాత్రం ఫోర్డ్ ఫ్యాక్టరీయే. టైముంటే ఫోర్ట్ కానింగ్‌లో బాటిల్‌బాక్స్ కూడా కలపండి, లొంగిపోదామని ఆ పొద్దున డిసైడ్ అయింది ఆ బంకర్‌లోనే.

డౌన్‌టౌన్ లైన్‌లో హ్యూమ్ అని 2025లో కొత్త స్టేషన్ తెరిచారు, అక్కణ్ణుంచి ఫ్యాక్టరీకి నడిచిపోవచ్చు, పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులుంటే మాత్రం ట్యాక్సీ పెట్టుకోండి, బిల్డింగ్ మెరక మీద ఉంటుంది. సోమవారం మూసేస్తారు, పండగలప్పుడు మారొచ్చు కాబట్టి బయల్దేరే ముందు ఓసారి వాళ్ళ సైట్లో టైమింగ్స్ చూసుకోండి.