కాలిఫోర్నియాలో ఏ కౌంటీకి ఎంతమంది జడ్జిలు ఉండాలో ఎవరు తేలుస్తారు?

శాంటా క్లారా కౌంటీలోని శాన్ హోసేలో మీ స్నేహితుడి కేసు త్వరగా ట్రయల్‌కు వచ్చిందని, ఇన్‌లాండ్ ఎంపైర్‌లో, అంటే రివర్‌సైడ్, శాన్ బెర్నార్డినో కౌంటీల వైపు, మీ అత్తగారి కారు ప్రమాదం కేసుకు మాత్రం తేదీలు వెనక్కి పోతున్నాయని రాశారు. కౌంటీని (మన జిల్లాలాంటిది) పాలించే సూపర్‌వైజర్లకు అర్జీ పెడితే జడ్జిలను పెంచుతారా అని అడిగారు. పెంచలేరు. ఆ అధికారం వాళ్ల చేతుల్లో లేదు.

నేను కాలిఫోర్నియా కోర్టుల్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని. మన భాషకు ఇంటర్‌ప్రెటర్లు కొద్దిమందే కాబట్టి చాలా కౌంటీలు తిరగాల్సి వస్తుంది. కేసుల వివరాలు చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ ఒక కౌంటీలో అనుకున్న రోజుకే ట్రయల్ మొదలవుతుంటే, ఇంకో కౌంటీలో లాయర్లు, సాక్షులు, పెద్ద వయసు తల్లిదండ్రులు పొద్దున్నుంచీ వరండాలో కూర్చుని, చివరికి కోర్టు హాలు ఖాళీ లేదన్న మాట విని వెళ్లిపోవడం చూస్తూ ఉంటాను. అందుకే ఈ లెక్కలు పట్టుకుని చదివాను.

ట్రయల్స్ జరిగే సుపీరియర్ కోర్టు పేరుకు కౌంటీ కోర్టే గానీ, నిజానికి రాష్ట్రానిది. ఏ కౌంటీలో ఎంతమంది జడ్జిలన్నది రాజధాని శాక్రమెంటోలోని రాష్ట్ర శాసనసభ చట్టం చేసి నిర్ణయించాలని రాష్ట్ర రాజ్యాంగమే చెబుతోంది. 1997లో వచ్చిన చట్టంతో ట్రయల్ కోర్టుల ఖర్చు కూడా రాష్ట్రం నెత్తిన పడింది. అంటే పోస్టు పుట్టాలంటే చట్టం కావాలి, ఆ పోస్టులో మనిషి కూర్చోవాలంటే బడ్జెట్‌లో డబ్బు కావాలి. ఈ రెండూ కలిసి రావాలని లేదు, అసలు చిక్కు అక్కడే.

అవసరాన్ని లెక్కగట్టే పని రాష్ట్ర కోర్టుల విధానాలు చూసే జ్యుడీషియల్ కౌన్సిల్‌ది. రెండేళ్లకోసారి, సరి సంఖ్య ఏడాది నవంబర్‌లో, శాసనసభకు నివేదిక ఇస్తుంది. పద్ధతి బాగానే ఉంటుంది. కేసుల సంఖ్య ఒక్కటే చూడరు, కేసు బరువు చూస్తారు. జడ్జిల సమయం ఎక్కడెక్కడ పోతోందో నమోదు చేసి, ఒక్కో రకం కేసుకు సగటున ఇన్ని నిమిషాలని కడతారు. ట్రాఫిక్ టికెట్‌కు అతి కొద్ది నిమిషాలు, హత్య కేసుకు వేల నిమిషాలు. ఏడాదికి దాఖలయ్యే కేసుల మూడేళ్ల సగటును ఆ నిమిషాలతో గుణించి, జడ్జికి ఏడాదిలో దొరికే పని సమయంతో భాగిస్తారు. ఆ సమయం 215 రోజులు, రోజుకు 6 గంటలు, మొత్తం 77,400 నిమిషాలు. వచ్చిన సంఖ్యను ఇప్పుడున్న పోస్టులతో పోల్చి, కొత్త పోస్టు ముందు ఎవరికి అన్న వరుస కూడా తయారు చేస్తారు. రివర్‌సైడ్, శాన్ బెర్నార్డినో కౌంటీలు ఏళ్ల తరబడి ఆ వరుసలో పైనే ఉంటూ వచ్చాయి.

ఎందుకంటే జనం కదిలారు, పోస్టులు కదల్లేదు. 1990లో శాంటా క్లారా జనాభా సుమారు 15 లక్షలు, రివర్‌సైడ్‌ది 12 లక్షల లోపు. 2020 నాటికి శాంటా క్లారా 19 లక్షలు దాటితే, రివర్‌సైడ్ 24 లక్షలకు చేరింది. శాంటా క్లారా ఉన్న బే ఏరియాలో ఇళ్ల ధరలు భరించలేక రివర్‌సైడ్ వైపు వచ్చిన మన తెలుగు కుటుంబాలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. ఇంకోవైపు సియెర్రా కొండల్లోని ఆల్పైన్ కౌంటీ చూడండి. జనాభా 1,200 చిల్లర, జడ్జిలు ఇద్దరు. వాళ్లనేం తప్పుపట్టను. మంచు పడితే దారులు మూసుకుపోయే ఊళ్లలో కూడా కోర్టు ఉండాల్సిందే.

శాసనసభ అసలు కదల్లేదని కాదు. 2006లో 50 పోస్టులు ఇచ్చింది. 2007లో ఇంకో 50 పోస్టులకు చట్టం చేసింది గానీ, డబ్బు ఇవ్వలేదు. జడ్జి లేని పోస్టులు, విస్తరి వేసి అన్నం వడ్డించనట్టు, పదేళ్లకు పైగా అలా ఉండిపోయాయి. 2018లో 2, 2019లో 25, 2022లో మిగిలిన 23 పోస్టులకు డబ్బు వచ్చింది. చట్టం చేసిన నాటికీ ఆఖరి పోస్టులకు డబ్బు వచ్చిన నాటికీ మధ్య 15 ఏళ్లు గడిచాయి. ఆలోగా ఎంతమంది కక్షిదారులు విసిగిపోయి వచ్చినంతకు రాజీపడ్డారో తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

మిగులు ఉన్న చోటు నుంచి తీసి లోటున్న చోట ఇవ్వవచ్చు కదా అంటారేమో. ఒకసారి ఇచ్చారు. 2017లో శాంటా క్లారా, అలమీడా కౌంటీల్లో ఖాళీగా ఉన్న 4 పోస్టులను రివర్‌సైడ్‌కు 2, శాన్ బెర్నార్డినోకు 2 చొప్పున మార్చారు. పనిలో ఉన్న జడ్జిని లేపి పంపలేరు కాబట్టి ఖాళీలే మార్చగలిగారు. నా ఉద్దేశంలో ఇది ప్రతి రెండేళ్లకూ జరగాల్సిన పని. కానీ తన కౌంటీ పోస్టు పోతుంటే ఏ సభ్యుడు ఒప్పుకుంటాడు?

జడ్జిలు చాలనప్పుడు ముందు నలిగేది మీ అత్తగారిలాంటి సివిల్ కేసులే. క్రిమినల్ కేసులకు గడువులున్నాయి. ఫెలొనీ (పెద్ద నేరం) కేసులో నిందితుడు గడువు వదులుకోకపోతే, మామూలుగా 60 రోజుల్లో ట్రయల్ మొదలవ్వాలి. కాబట్టి ఉన్న కోర్టు హాళ్లు ముందు వాటికే పోతాయి. అయినా చాలలేదు. కోవిడ్ కాలపు గడువు పొడిగింపులు 2022 అక్టోబర్‌లో ముగిశాక, ట్రయల్ జరపడానికి చోటు లేక రివర్‌సైడ్‌లో వెయ్యికి పైగా క్రిమినల్ కేసులు కొట్టేయాల్సి వచ్చింది. అవి ఎక్కువగా చిన్న నేరాలే, కానీ వాటిలోనూ బాధితులు ఉంటారు కదా.

మీరు అర్జీ పెట్టాలనుకుంటే మీ అసెంబ్లీ సభ్యుడికి, స్టేట్ సెనేటర్‌కు పెట్టండి. జ్యుడీషియల్ కౌన్సిల్ తాజా నివేదికలో మీ కౌంటీ లోటు ఎంతో చూసి, ఆ అంకె ఉత్తరంలో రాయండి. బడ్జెట్ జూన్‌లో ఖరారవుతుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరిలోనే పంపడం మంచిది.

కేసు సంగతి వేరు, దానికి మీ లాయర్ మాటే ప్రమాణం. కానీ అత్తగారికి 72 ఏళ్లని, ఆరోగ్యం బాగోలేదని రాశారు కాబట్టి ఒకటి అడగండి. 70 దాటిన కక్షిదారు ఆరోగ్యం దెబ్బతిని, ఆలస్యమైతే నష్టం జరిగేలా ఉంటే, ట్రయల్ ముందు జరపమని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 36 కింద అడగవచ్చు. కోర్టు ఒప్పుకుంటే 120 రోజుల్లోపు ట్రయల్ పెట్టాలి. ఆవిడకు తెలుగే సౌకర్యమైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని కూడా ఇప్పుడే రాసి ఇవ్వండి. తేదీ దగ్గరపడ్డాక మేం దొరకడం కష్టం.