బ్యాంకు కోచింగా? విమానాల సబ్సిడీ లెక్కలా?

ప్రశ్న: మాది చంద్రగిరి. మా అమ్మాయి తిరుపతిలో బీఏ ఎకనామిక్స్ ఫైనలియర్. విమానాలకు సబ్సిడీ దేనికి, ఆ డబ్బు రైళ్లకు పెట్టొచ్చు కదా అని ఇంట్లో రోజూ వాదనే. పీజీలో అదే చదువుతుందట. బ్యాంకు కోచింగ్‌కు వెళ్లమంటే వినదు. ఆ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: ఉంటాయండీ. కాకపోతే పాప ముందు వాదన తగ్గించి లెక్క పట్టాలి. రైలు టికెట్‌లోనూ సబ్సిడీ ఉంది. ప్రయాణికుడి మీద వంద రూపాయలు ఖర్చయితే 54 రూపాయలే వసూలవుతున్నాయని రైల్వే మంత్రే చెప్పారు. చంద్రగిరిలో పాకాల ప్యాసింజర్ ఎక్కేవాళ్ల టికెట్‌లో తగ్గిన డబ్బును చాలావరకు గూడ్స్ బండ్ల ఆదాయమే పూడుస్తోంది. చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ దారి వేరు. 2017 ఏప్రిల్‌లో మన పక్క కడప నుంచి హైదరాబాద్‌కు ఆ పథకం కిందే విమానం మొదలైంది. కొన్ని సీట్లకు టికెట్ ధర మీద పరిమితి పెట్టి, కంపెనీకి వచ్చే లోటును మూడేళ్లపాటు భర్తీ చేస్తారు. అందుకు పెద్ద రూట్ల విమానాల మీద సుంకం వేస్తారు, రాష్ట్రాలూ కొంత ఇస్తాయి.

మరి ఫలితం? 774 రూట్లలో 371 మొదలయ్యాయి, మూడేళ్లు నిలిచినవి 112, ఆ తర్వాత 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54 అని ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ తేల్చింది. పాప వాదనలో పస లేకపోలేదు!

మీ టెన్షన్‌కు మందు కూడా ఇక్కడే ఉంది. ఇలాంటి లెక్కలు తీసే కాగ్ ఆఫీసుల్లో ఆడిటర్ పోస్టులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పెట్టే సీజీఎల్ పరీక్ష రాయాలి, డిగ్రీ చాలు. రీజనింగ్, మ్యాథ్స్, ఇంగ్లిష్ అన్నీ బ్యాంకు పరీక్షలవే. కాబట్టి కోచింగ్ మాన్పించకండి, పేరు మార్చి చెప్పండి.

విధానాలే రాయాలనుకుంటే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఉంది. యూపీఎస్సీ నిర్వహిస్తుంది, ఎకనామిక్స్ పీజీ తప్పనిసరి. పోస్టులు మరీ తక్కువ, దాని మీదే కూర్చోవద్దు. పీజీలో స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాలను గణాంకాలతో తేల్చే సబ్జెక్టు) గట్టిగా పట్టుకుంటే ప్రైవేటులోనూ రవాణా, లాజిస్టిక్స్ కంపెనీలు పిలుస్తాయి. వట్టి థియరీతో లాభం లేదు.

ఎస్వీయూ కోసం ఏపీ పీజీసెట్, సెంట్రల్ యూనివర్సిటీల కోసం సీయూఈటీ పీజీ రెండూ రాయించండి. కోచింగ్ ఫీజు కట్టేముందు మాత్రం అక్కడ సీజీఎల్ చెబుతారో లేదో కనుక్కోండి.