తెల్ల బేస్ మీద నల్ల గీతలు అలుక్కుపోతుంటే

1920ల బెర్లిన్ క్యాబరే (రాత్రి క్లబ్బుల్లో ఆటపాటల ప్రదర్శన) లుక్ కోసం ముఖం మీద గీసిన నల్ల గీతలు తెల్ల బేస్‌లో (మేకప్‌కి అడుగున పూసే రంగులో) కలిసి బూడిద రంగయ్యాయని, చివరికి జోకర్‌లా తేలారని రాశారు కదా. టెన్షన్ పడకండి, మొదటిసారి నాకూ అచ్చం ఇదే జరిగింది.

తప్పు గీతల్లో లేదు, బేస్‌లో ఉంది. జిడ్డు తెల్లరంగుని స్పాంజితో పలచగా అద్దండి, రుద్దొద్దు. పైన పౌడర్ దండిగా ఒత్తి, ఐదు నిమిషాలు ఆగి, మిగిలింది మెత్తటి బ్రష్‌తో దులపండి. వేలికి తెలుపు అంటడం మానేశాకే నీళ్లతో కలిపే నల్లరంగు పట్టుకోండి.

ఇక జోకర్ సంగతి. రెండు వైపులా ఒకేలా గీస్తే జోకరే అవుతుంది! జర్మన్ చిత్రకారుడు కిర్ష్నర్ వేసిన బెర్లిన్ వీధి బొమ్మల్లో ముఖాలు మాస్కుల్లా, కోణాలుగా ఉంటాయి. ఒక కనుబొమని నుదుటి మీదికి లాగి, రెండోదాన్ని సగంలో తుంచేయండి. చెంప కింద నీడకి బూడిద రంగు బదులు ఆకుపచ్చ వేయండి. నాకైతే అక్కడే అసలు మజా.

క్యాబరే ఛాయ కావాలంటే మరో జర్మన్ చిత్రకారుడు ఒట్టో డిక్స్ 1925లో వేసిన నర్తకి అనితా బెర్బర్ బొమ్మ చూడండి. ఎర్ర గౌను, ఎర్ర నేపథ్యం, మధ్యలో పాలిపోయిన ముఖం, బిగించిన చిన్న పెదవులు. మీ పెదవుల చివర్లు తెలుపుతో కప్పేసి, మధ్యలోనే ఎరుపు దిద్దండి.

స్టేజి మీద ఎర్ర లైటుంటే మాత్రం ఆ ఎరుపు వెలిసిపోతుంది, చుట్టూ నల్ల అంచు గీయండి. బొమ్మలకి వాడే అక్రిలిక్ రంగులు చర్మానికి అసలొద్దు.