వర్షంలో గోల్ఫ్ బంతి తక్కువ దూరం ఎందుకు వెళుతుంది?

వర్షంలో బంతి దూరం తగ్గడానికి ముఖ్య కారణాలు తడిసిన నేల, తడిసిన క్లబ్ (బంతిని కొట్టే కర్ర), వానతో వచ్చే చల్లదనం. గాలిలోని తేమ కాదు.

నేల సంగతి సులువే. మెత్తబడిన గడ్డి మీద బంతి దొర్లదు. ఉదాహరణకు, 200 గజాలు గాలిలో వెళ్లి, పొడి నేల మీద ఇంకో 20 గజాలు దొర్లే షాట్ వానలో పడిన చోటే ఆగిపోవచ్చు.

ఎక్కువమంది పట్టించుకోనిది క్లబ్. దాని ముఖం మీది సన్నని గాడులు కొంత నీటిని పక్కకు పంపగలవు. నీళ్లు అంతకు మించితే బంతికీ లోహానికీ మధ్య పలుచని పొర నిలిచి పట్టు జారుతుంది, బ్యాక్‌స్పిన్ (బంతి వెనక్కి గిరగిరా తిరగడం) తగ్గుతుంది. బంతిని గాలిలో ఎక్కువసేపు నిలిపేది ఆ స్పిన్నే. డ్రైవర్‌తో, అంటే ఎక్కువ దూరం కొట్టడానికి వాడే క్లబ్‌తో, కొట్టినప్పుడు అది మరీ పడిపోతే బంతి తొందరగా కిందికి దిగిపోతుంది. అందుకే ప్రతి షాట్‌కు ముందు క్లబ్ ముఖాన్ని పొడి టవల్‌తో తుడవడం చాలా అవసరం. ఇక చల్లదనం వల్ల గాలి చిక్కబడుతుంది, బంతి కూడా కాస్త బిగుసుకుని వేగం కోల్పోతుంది.

తేమ గాలి బరువుగా ఉండి బంతిని ఆపేస్తుందని చాలామంది నమ్ముతారు. అది పొరపాటు. నీటి ఆవిరి అణుభారం 18, నైట్రోజన్‌ది 28, ఆక్సిజన్‌ది 32. కాబట్టి ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర తేమ గాలి పొడి గాలి కంటే కొంచెం తేలికే.