ఇజ్జత్ ఎవరూ సంపాదించరు

సందేహం: మా బడిలో వక్తృత్వ పోటీకి “సమాజంలో గౌరవం సంపాదించుకోవలసినదా, ఇవ్వవలసినదా, ప్రభుత్వం పెంపొందించవలసినదా?” అనే అంశం పెట్టాం. “గౌరవం ఇవ్వడం” అన్నది ఇంగ్లీషుకు మక్కికి మక్కి అనువాదమనీ, తెలుగులో “గౌరవించడం” అనే అనాలనీ మా తోటి సారు పట్టుబట్టారు. ఇంకొకటి. మా పిల్లలు “పెద్దసారు వచ్చిండు” అంటే, కొత్తగా బదిలీ మీద వచ్చిన టీచరు మర్యాద తెలియదని కోప్పడుతున్నారు. ఏది సరి?
– దేవరకొండ నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయురాలు

సమాధానం: అమ్మా, మొదటిది సులువు. మర్యాద ఇచ్చి మర్యాద పుచ్చుకొమ్మని మనవాళ్లు ఇంగ్లీషు చదువుకొని అనలేదు. చనువిస్తాం, అలుసిస్తాం, మాటిస్తాం, విలువిస్తాం. చేతికి దొరకని వాటిని ఇవ్వడం తెలుగుకు కొత్త కాదు. మీ తోటి సారు భయం ఎక్కడిదో నాకు తెలుసు. “ప్రాముఖ్యతను కలిగి ఉంది” వంటి వాక్యాలు రోజూ పత్రికల్లో చదివితే ఎవరికైనా అనుమానం పుడుతుంది. ఇక్కడ మాత్రం ఆ అనుమానం అక్కరలేదు. పైగా గౌరవించడం, గౌరవం ఇవ్వడం రెండూ ఒకటి కావు. మొదటిది మనసులోది, రెండోది నడతలోది. మనసులో గౌరవించకుండానే పైకి గౌరవం ఇవ్వవచ్చు. ఎన్నికల ముందు నెలరోజులు మనకు దొరికేది అదే కదా.

అసలు చిక్కు “ఇవ్వడం”లో లేదు, “గౌరవం”లో ఉంది. గురువు అంటే బరువైనది. గురు నుంచి గౌరవం, లఘు నుంచి లాఘవం. గురుత్వాకర్షణలో ఉన్నదీ ఆ బరువే. మర్యాద దారి వేరు. దానికి సంస్కృతంలో మొదటి అర్థం హద్దు, ఒడ్డు. రాముణ్ణి మర్యాదాపురుషోత్తముడన్నది ధర్మం గీసిన గీత దాటలేదని, ఇంటికొచ్చినవాళ్లను బాగా చూసుకున్నాడని కాదు. మనం ఆ మాటను తెచ్చుకొని కొత్తల్లుడి పీట దగ్గర కూర్చోబెట్టాం. తమిళులు ఇంకో దారి పట్టారు. 1925లో పెరియార్ మొదలుపెట్టిన ఆత్మగౌరవ ఉద్యమానికి వాళ్ల పేరు “సుయమరియాదై”. మనకు అతిథి సత్కారమైన మాట వాళ్లకు తలెత్తుకొని నిలబడడమైంది.

గౌరవం అనే ఒక్క మాట మీద మన రాత తెలుగు రెండు బరువులు మోపింది. మనిషిగా పుట్టినందుకు ఉండేదీ గౌరవమే, మంచి పని చేసినందుకు వచ్చేదీ గౌరవమే. మీ పిల్లల్లో ఒకడు మొదటి అర్థంతో “అందరికీ ఇవ్వాలి” అంటాడు. ఇంకొకడు రెండో అర్థంతో “సంపాదించుకోవాలి” అంటాడు. ఇద్దరూ సరిగ్గానే చెప్తారు, జడ్జీలు మాత్రం తలపట్టుకుంటారు.

ఇదే ప్రశ్న మీ ఊరి రచ్చకట్ట మీద పెట్టి చూడండి. అక్కడ గౌరవం అనే మాటే వినపడదు. ఇజ్జత్ వినపడుతుంది, ఇలువ వినపడుతుంది, పేరు వినపడుతుంది. వాటి పక్కన ఏ క్రియలు చేరతాయో చెవి పెట్టి వినండి. ఇజ్జత్ తీస్తరు, ఇజ్జత్ పోతది, ఇజ్జత్ కాపాడుకుంటరు. ఇజ్జత్ కమాయించిండని, అంటే సంపాదించిండని, నేను ఇంతవరకు వినలేదు, కమాయించేది పైసలు. అంటే ఇజ్జత్ ముందే ఉంది, పుట్టుకతోనే ఉంది, ఎవరో తీస్తే తప్ప పోదు. ఇలువ ఇస్తరు, ఇయ్యకపోతే అడుగుతరు. పేరు మాత్రం సంపాదిస్తరు. మీరు ఒక్క మాట పెట్టి మూడు క్రియలు అడిగారు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మూడు క్రియలకు మూడు మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇజ్జత్ ఉర్దూది కదా అని తీసేస్తే ఆ తేడా కూడా పోతుంది. నేను మాత్రం తీయను.

ఇక “ప్రభుత్వం పెంపొందించడం”. పాఠ్యపుస్తకాల్లో అచ్చువేసే రాజ్యాంగ పీఠికను పిల్లల చేత ఒకసారి మెల్లగా చదివించండి. అందులో పెంపొందించేది సౌభ్రాతృత్వాన్ని. వ్యక్తి గౌరవం దగ్గరికి వచ్చేసరికి దానికి భరోసా ఇవ్వాలన్నారే తప్ప దాన్ని పెంచుతామనలేదు. ఆ గౌరవం మన పల్లె మాటలో ఇజ్జత్. చట్టాలు చేసే పని కూడా అదే. అంటరానితనాన్ని శిక్షించే చట్టం 1955లో వచ్చింది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. హోటల్లో రెండు గ్లాసులు పెట్టినవాణ్ణి పోలీసు పట్టుకోగలడు. ఆ హోటలాయన మనసులో మన్నన పుట్టించడం మాత్రం ఎస్సై చేతిలో పని కాదు. అందుకే పోటీ అంశంలో “గౌరవం పెంపొందించు” అని కాక “గౌరవభావం పెంపొందించు” అని రాస్తే నయం. పెరిగేది భావం.

ప్రభుత్వం తానే గౌరవం పంచిన చోట భాష ఎంత జాగ్రత్త పడిందో చూడండి. సైన్యానికి, చదువుకు సంబంధించినవి తప్ప రాజ్యం బిరుదులు ఇవ్వకూడదని రాజ్యాంగం 18వ అధికరణం. 1954లో మొదలైన భారతరత్న, పద్మ పురస్కారాలు ఆ లెక్కన బిరుదులా కావా అని తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అవి బిరుదులు కావు, కాబట్టి పేరుకు ముందు గానీ వెనక గానీ తగిలించకూడదని 1995లో తీర్పు వచ్చింది. సభల కరపత్రాల్లో “పద్మశ్రీ ఫలానా గారు” అని వేయడం కోర్టు వద్దన్న వాడుకే. నాగర్‌కర్నూల్ జిల్లాలో కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన్ను జనం కిన్నెర మొగిలయ్య అంటారు. ఆ పన్నెండు మెట్ల కిన్నెరను పేరు ముందు పెట్టింది జనమే, దాన్ని తీయమని ఏ కోర్టూ అనదు.

సర్కారు గౌరవం అనగానే “గౌరవ వేతనం” గుర్తొస్తుంది. అంగన్‌వాడీ టీచరుకు ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. బరువు అని అర్థమున్న మాట చేరి వేతనాన్ని తేలిక చేయడం నాకు తెలిసి ఇదొక్కచోటే.

సంపాదించుకోవడానికి ఉదాహరణ కావాలంటే పిల్లలకు మన సురవరం ప్రతాపరెడ్డి కథ చెప్పండి. నైజాం తెలంగాణలో తెలుగు కవులు “పూజ్యం” అని ఒకాయన రాశారు. పూజ్యం అంటే పూజింపదగినది, సున్న కూడా. ఆయన అన్నది సున్న అనే. సురవరం ఎదురు తిట్టలేదు. ఊరూరా కవిత్వం పోగుచేసి 354 మంది కవులతో 1934లో గోల్కొండ కవుల సంచిక అచ్చువేశారు. పూజ్యాన్ని మొదటి అర్థంలోకి తిప్పారన్నమాట.

మీ రెండో సందేహం. “సారు వచ్చిండు”లో అమర్యాద లేదు. రాతలో “వచ్చారు” నేర్పండి, అది పిల్లలకు అవసరం. నోటిమాటకు మాత్రం కోప్పడవద్దని ఆ టీచరుకు చెప్పండి. మా దిక్కు తండ్రినీ నువ్వనే అంటాం, దేవుణ్ణీ నువ్వనే అంటాం. బహువచనంలోనే గౌరవం ఉందనుకుంటే ఈ నేల మీద పుట్టిన అతి దీనమైన మాట ఏమైందో చూడండి: “నీ బాంచెన్ దొరా, కాల్మొక్త”. బాంచ అంటే బానిస. కాళ్ల మీద పడుతున్నవాడు కూడా “మీ” అనలేదు, “నీ” అన్నాడు.

గౌరవమైనా అగౌరవమైనా మా మాటలో పేరు చివర ఉంటుంది, క్రియ చివర కాదు. వాడు–వారు ఎలాంటి జంటో గాడు–గారు అలాంటి జంట. నడుమ అయ్య ఉంది. మా ఇంట్లో పాలేరుగా జీతమున్న ఈరయ్య మా తాత కంటె పెద్దవాడు. ఎనిమిదేండ్ల నేను “ఓ ఈరిగా, నాయిన పిలుస్తుండు” అని కేకేస్తే ఆయన “వస్తున్న పటేలా” అనేవాడు. ఇంట్లో ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. ఒక ఎండాకాలం మా బడి సారు ఇంటికి వచ్చి, నేను అట్లా కేకేయడం విన్నారు. నన్నేమీ అనలేదు. ఈరయ్య రాగానే, “ఈరయ్యా, జెర మంచినీళ్లిస్తవా” అన్నారు. ఆయన ఒకసారి మా నాయన మొకం చూసి, చెంబు తీసుకొని బావి కాడికి పోయిండు. సారు ఆ నీళ్లు తాగారు. ఆయన అన్నది “ఇస్తవా” అనే, “ఇస్తారా” అని కాదు.