సీక్వెన్స్ (అమైనో ఆసిడ్ల వరస) చూసి ఒక ప్రోటీన్ ఫేజ్ సెపరేట్ అవుతుందో, అంటే ద్రావణంలోంచి విడిపోయి బొట్లు కడుతుందో లేదో కంప్యూటర్ టూల్స్‌తో కచ్చితంగా చెప్పొచ్చా?

సగం చెప్పొచ్చు. నా గొడవల్లా ఆ టూల్స్ ఇచ్చే స్కోరుని జనం తీర్పులా పట్టుకు తిరగడంతోనే.

మా ల్యాబ్‌లో ఒకసారి ప్లస్ చార్జీలు ఒకచోట, మైనస్ చార్జీలు ఒకచోట గుంపులుగా ఉన్న డిజార్డర్డ్ (స్థిరమైన మడత లేని) ప్రోటీన్ ఒకటి తీసుకుని, అవే అమైనో ఆసిడ్లు, అదే లెక్క, చార్జీలు మాత్రం గొలుసు పొడవునా చెదరగొట్టి ఇంకో వెర్షన్ చేయించాం. టూల్‌కి రెండూ ఒకటే, స్కోరు దాదాపు కదల్లేదు. ట్యూబ్‌లో చూస్తే ఉప్పు తగ్గించగానే అసలుది పల్చటి మజ్జిగలా తెల్లబడింది, మైక్రోస్కోప్ కింద గుండ్రటి బొట్లు ఒకదానికొకటి తగిలి, కాసేపు సాగి, మళ్లీ ఒకే బొట్టుగా సర్దుకుంటున్నాయి. చెదరగొట్టింది మాత్రం తేటగా అలాగే ఉంది. డీడీఎక్స్4 అనే ప్రోటీన్ మీద 2015లోనే ఇలాంటిది చూపించారు, అందుకే మాకు వింతేం కాదు, వింతల్లా ఇంకా లెక్కలు మాత్రమే చూసే టూల్స్ వాడటం.

అలాగని సీక్వెన్స్‌లో ఏం లేదని కాదు. ఎఫ్‌యూఎస్ అనే ప్రోటీన్ కుటుంబంలో టైరోసిన్లు, ఆర్జినిన్లు అనే అమైనో ఆసిడ్లని లెక్కపెడితే ఎంత గాఢత దగ్గర బొట్లు కడతాయో చాలావరకు అందుతుందని 2018లో తేల్చారు. గాఢత అన్నానా, అసలు పాయింట్ అదే. అవుతుందా కాదా అని కాదు, ఎంత గాఢతలో, ఎంత ఉప్పులో, ఏ టెంపరేచర్‌లో అని అడగాలి. అదే ఎఫ్‌యూఎస్‌కి ఫాస్ఫేట్లు తగిలిస్తే బొట్లు కట్టడం తగ్గిపోతుంది, సీక్వెన్స్‌లో ఒక్క అక్షరం మారకుండానే. పక్కన ఆర్‌ఎన్‌ఏ కొంచెం ఉంటే ఒకలా, ఎక్కువైతే ఇంకోలా. ఇదంతా టూల్‌కి ఎవరు చెప్పారు?

ఇంకోటి, ట్రైనింగ్ డేటా. నెగటివ్ (బొట్లు కట్టని) ఉదాహరణలని చాలాచోట్ల ఇచ్చేది చక్కగా మడతపడ్డ, స్ట్రక్చర్ తెలిసిన ప్రోటీన్లని. ఇంక టూల్ నేర్చుకునేదేంటి, ఇది డిజార్డర్డా కాదా అని, అంతే! డిజార్డర్డ్ అయ్యుండి కూడా బొట్లు కట్టనివి కావాలి, అవేమో ఎవరి నోట్‌బుక్‌లో వాళ్లకే ఉండిపోతాయి, రాలేదని పేపర్ ఎవరు రాస్తారు చెప్పండి.

నేనైతే పెద్ద లిస్టులో ముందు ఏది ప్యూరిఫై చేయాలో తేల్చుకోడానికి స్కోరు వాడతా, తర్వాత ట్యూబే. మీరు చేసినప్పుడు దయచేసి ఎంత ఉప్పు, ఎంత పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) వేశారో మెథడ్స్‌లో రాయండి, ఇలాంటి క్రౌడింగ్ ఏజెంట్ (ద్రావణంలో చోటు ఇరుకు చేసేది) గట్టిగా పోస్తే తెల్లబడని ప్రోటీన్ వెతకడమే కష్టం.